గాలము నేర్పిన పాఠము

నీటి యొడ్డున నిశ్చలముగా కూర్చుండి, చేత సన్నని వెదురుకర్ర పట్టుకొని, నీటిపై తేలుచున్న బెండు వంక రెప్పవాల్చక చూచుచున్న మనుష్యుని చూచినవారు సాధారణముగా నవ్వుదురు. 'ఈతనికి వేరు పని లేదు కాబోలు' అని అనుకొందురు. కాని అతడు పని లేనివాడు కాడు. గాలి యే దిక్కున వీచుచున్నది, నీటి రంగు ఎట్లున్నది, నాచు నడుమ బుడగలు ఎచ్చట లేచుచున్నవి, కొంగ ఎచ్చట నిలిచినది అను విషయములన్నింటిని అతడు కనిపెట్టుచుండును. వేటలన్నింటిలోను గాలపు వేట మౌనమైనది. దానియందు పరుగు లేదు, కేక లేదు. ఉన్నదెల్ల ఓర్పు.

వలకును గాలమునకును గొప్ప భేదము కలదు. వల తనకు చిక్కిన దానినెల్ల తీసికొనును. పెద్దది, చిన్నది, గ్రుడ్లతో నున్నది, లేనిది అను విచక్షణ దానికి అంతగా లేదు. గాలము ఒక పర్యాయమునకు ఒక్క చేపనే కోరును. దానికి కావలసిన పరికరములును స్వల్పములే. ఒక వెదురుకర్ర, కొంత దారము, తేలుటకు ఒక జీలుగు బెండు, మునుగుటకు ఒక చిన్న సీసపు గుండు, కొనయందు వంచిన ఉక్కు ముల్లు. ఆ ముల్లునకు లోపలి వైపున వెనుకకు తిరిగిన చిన్న మొన యొకటి యుండును. నోట చిక్కిన ముల్లు జారిపోకుండుటకు కారణము ఆ మొనయే. ఇక ఎర చేపను బట్టి మారును. పరకలకు పిండిముద్ద చాలును. జెల్లలకు వానపాము ప్రీతి. కొర్రమట్టకు చిన్న కప్పగాని, ప్రాణముతో నున్న చిరుచేపగాని కావలెను. బెండు వణకినంతనే తొందరపడి లాగువానికి ఉత్త ముల్లే మిగులును. బెండు మునిగి ప్రక్కకు సాగువరకు చేయి కదల్పని వానికే చేప దక్కును.

ఈ విద్య ఒక్క దేశమునకు చెందినది కాదు. ఇంగ్లండు దేశమున ఐజాక్ వాల్టన్ అను నాతడు 1653వ సంవత్సరమున గాలపు వేటను గూర్చి 'ది కంప్లీట్ యాంగ్లర్' అను గ్రంథమును ప్రకటించెను. 1676లో వెలువడిన కూర్పునకు అతని మిత్రుడు చార్లెస్ కాటన్, ఈకలతోను దారముతోను చేసిన కృత్రిమపు ఈగను ఎరగా వాడు విధానమును వివరించు భాగమును చేర్చెను. ఆ దేశపు చిన్న నదులలో ట్రౌట్, గ్రేలింగ్ అను చేపలు ప్రసిద్ధములు. ట్రౌట్ చేప మేనిపై చుక్కలుండును. గ్రేలింగ్ చేప వీపున తెరచాపవంటి పెద్ద రెక్క యుండును. అప్పుడే నీటినుండి తీసిన గ్రేలింగ్, థైము అను సువాసన గల మొక్క వాసన వేయునని చెప్పి, దాని శాస్త్రీయ నామమునందే ఆ మొక్క పేరును నిలిపిరి.

మన తెలుగు నేలపై పారు నీటిలో ఈ చేపలు కానరావు. అందుకు కారణము తెలిసికొనదగినది. చేప నీటిలో కరగియున్న ప్రాణవాయువును పీల్చి బ్రతుకును. నీరు చల్లనైనకొలది ఆ వాయువును ఎక్కువగా నిలుపుకొనును, వేడెక్కినకొలది విడిచిపెట్టును. 10 డిగ్రీల చల్లదనము గల లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడును. 30 డిగ్రీల నీటిలో 7.5 మిల్లీగ్రాములకు మించి ఇముడదు. చలినీటికి అలవడిన ట్రౌట్ మన వేసవి నీటిలో ఊపిరాడక మరణించును. కనుకనే ఆంగ్లేయులు తమ దేశపు చేపపై మమకారము చొప్పున దానిని తెచ్చి పెంచదలచినప్పుడు, కాశ్మీరపు ఏరులను, నీలగిరుల పైనున్న చలినీటి వాగులను ఎన్నుకొనవలసి వచ్చినది.

మన నేలకు తగిన చేప వేరు. అది కొర్రమట్ట. కొరమీనని, కొర్రమీనని కూడ దానిని పిలుతురు. 2016లో తెలంగాణ ప్రభుత్వము దానిని రాష్ట్రపు చేపగా ప్రకటించినది. పాము తలవంటి తల, నల్లని వీపు, గుండ్రని మేను గల యీ చేపకు మొప్పలతోపాటు, గాలినే నేరుగా పీల్చుకొనుటకు తలలో ప్రత్యేకమైన అర యొకటి కలదు. అది మాటిమాటికి నీటిపైకి వచ్చి ఒక్క గ్రుక్క గాలి మ్రింగి మరల మునుగును. నీరింకిన వేసవిలో బురదలో దాగి ప్రాణము నిలుపుకొనును. తడినేలపై ప్రాకి ఒక గుంటనుండి మరియొక గుంటకు పోగలదు. కాని పైకి రానీయక అడ్డుపెట్టినచో, అది నీటిలోనే ఊపిరాడక చచ్చును. చేప నీట మునిగి చచ్చుననిన వింతగా తోచును. కాని కొర్రమట్ట విషయమున అది సత్యము.

హైదరాబాదు నగరమున అమీర్‌పేట, పంజగుట్ట అను పేర్లు వినగానే నేటి విద్యార్థులకు నీరును, చేపలును స్ఫురింపవు. రెండు మార్గముల మెట్రో రైళ్లు కలియు స్థానము, శిక్షణ కేంద్రముల ప్రకటన పలకలు, పైవంతెన, వాహనముల రొద స్ఫురించును. అయినను ఈ పేటలు నీటికి దూరమైనవి కావు. వీటికి తూర్పున కొద్ది దూరముననే హుస్సేన్‌సాగరము కలదు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున, 1562లో, హుస్సేన్ షా వలీ దానిని నిర్మింపజేసెను. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియగుటకు పూర్వము నగరవాసుల దాహము తీర్చిన జలాశయములలో అది ముఖ్యమైనది. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూరు నాలా అను నాలుగు కాలువలు ఆ సాగరములోనికి నీరు తెచ్చును. బంజారా కొండల నుండి దిగిన వాననీరు పంజగుట్ట ప్రాంతము మీదుగను, కూకట్‌పల్లి వైపు నీరు బేగంపేట మీదుగను సాగి, చివరకు ఆ సాగరమునే చేరును. ఈ నాలాలే ఒకప్పుడు చేపలకు రాజమార్గములు. తొలకరి వానలకు క్రొత్తనీరు దిగగానే, సాగరములోని చేపలు ఆ నీటికి ఎదురెక్కి, గ్రుడ్లు పెట్టుటకు పైనున్న గుంటలకు పోయెడివి.

1950 దశాబ్దిలో అమీర్‌పేటలో ఒక వృద్ధుడుండెను. తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి పొందినవాడు. సాయంకాలము వెదురుకర్ర భుజమున వైచుకొని, సాగరపు పడమటి యొడ్డునకు నడచిపోవుట అతని నిత్యకృత్యము. పొరుగింటి బాలుడొకడు అతని వెంట పోవుచుండెను. బాలునకు పండ్రెండేండ్లు. వాని తండ్రి చిన్న జీతగాడు. ఇంట నలుగురు పిల్లలు. మొదటి నెలలో ఆ బాలునకు ఒక్క చేపయు చిక్కలేదు. బెండు కదలినంతనే లాగెడివాడు. వృద్ధుడు మందలించెడివాడు కాడు. "మరల ఎర గ్రుచ్చుము, బిడ్డా" అని మాత్రము అనెడివాడు. రెండవ నెలలో వాని చేయి నిలిచినది. పరకలు, జెల్లలు బుట్టలో పడసాగినవి. నీటి అంచున నడుచునప్పుడు నీడ నీటిపై పడరాదనియు, అడుగు గట్టిగా వేసినచో ఆ యదురు చేపకు తెలియుననియు వాడు నేర్చుకొనెను.

మృగశిర కార్తె వచ్చెను. జూను మొదటి వారము దాటగానే వచ్చు ఆ కార్తె తొలినాడు చేప తినవలెనను ఆచారము మన ప్రాంతమున బలమైనది. ఆనాడు నగరపు బజారులలో చేపల వెల రెట్టింపగును. సరిగా ఆ దినములలోనే పాఠశాలలును తెరచుదురు. బాలునకు క్రొత్త తరగతి పుస్తకములు కావలెను. కొనుటకు ఇంట డబ్బు లేదు. ఒక పెద్ద కొర్రమట్ట చిక్కిన చాలును, పుస్తకముల డబ్బు చేతికి వచ్చునని వాడు ఆశపడెను.

కార్తెకు ముందునాటి ఉదయమున వృద్ధుడును బాలుడును ఒడ్డున నుండగా, గడ్డి నడుమ లోతు తక్కువ గల నీటిపై కుంకుమ చల్లినట్లు ఒక ఎర్రని మరక కనబడెను. అది కదలుచుండెను. ఒకసారి విచ్చుకొని, ఒకసారి ముడుచుకొని, గుంపుగా పైకి తేలి, మరల క్రిందికి దిగుచుండెను. దాని అడుగున నల్లని పెద్ద నీడ యొకటి మెల్లగా తిరుగుచుండెను. రెండు సేర్లకు తక్కువ గాని కొర్రమట్ట అది. బాలుని గుండె దడదడ కొట్టుకొనెను. ఎర విసరుటకు కర్ర నెత్తెను.

"తాతా! ఇంత పెద్ద చేపను నేనెన్నడు చూడలేదు. ఇప్పుడే వేయుదునా?" అని వాడు గుసగుసగా అడిగెను.

"వేయవచ్చును. అది తప్పక పట్టును. ఈ సమయమున దాని దగ్గరకు వచ్చిన దేనినైనను అది కరచును. ఆకలిచేత కాదు, బిడ్డా. ఆ యెర్రనివి దాని పిల్లలు. వాటిని కాచుటకు కరచును."

బాలుడు మరల చూచెను. ఎర్రని మరక వేలకొలది చిరుచేపల గుంపని వానికి అప్పుడు తెలిసెను. కొర్రమట్టలు జంటగా గడ్డిని తొలగించి గూడువంటి తావు చేసికొని గ్రుడ్లు పెట్టుననియు, పిల్లలు ఎదిగి చెదరిపోవువరకు తల్లిదండ్రులు వాటిని విడువక కాచుననియు వృద్ధుడు చెప్పెను. కాపరి పోయినచో కొంగలును, జెల్లలును, తక్కిన చేపలును ఒక్క దినమున ఆ గుంపును మ్రింగివేయునని కూడ చెప్పెను.

"మరి నా పుస్తకములు?" అని బాలుడు అడిగెను.

వృద్ధుడు వెంటనే బదులు చెప్పలేదు. కొంతసేపటికి, "నీ పుస్తకములును అవసరమే. కర్ర నీ చేతిలో నున్నది. నేను పట్టుకొనను" అనెను.

బాలుడు చాలసేపు నిలిచెను. తరువాత దారము చుట్టివేసెను. ఆ సంవత్సరము వాడు పై తరగతి వారి పాత పుస్తకములను అడిగి తెచ్చుకొని చదివెను. వాటిలో ఒకదానికి అట్టయు, మొదటి పుటలును లేవు.

కథ ఇంతటితో ముగిసియున్నచో బాగుగనే యుండెడిది. కాని నాలుగు దినముల తరువాత వారు మరల ఆ తావునకు పోవునప్పటికి, ఎవరో ఈటెతో ఆ కొర్రమట్టను పొడిచి తీసికొనిపోయిరి. గడ్డి త్రొక్కబడియుండెను. ఎర్రని గుంపు లేదు. ఒడ్డున నాలుగైదు కొంగలు నిలిచియుండెను. బాలునకు దుఃఖముకన్న కోపము ఎక్కువగా వచ్చెను.

"నేను విడిచినందువలన ఏమి లాభము తాతా? నేనే పట్టియుండినచో నా పుస్తకములైన వచ్చియుండెడివి."

"నిజమే బిడ్డా. ఒక్కని ఓర్పు చెరువును కాపాడలేదు. ఊరందరు ఓర్చుకొన్ననే చెరువు నిలుచును. కాని మొదట ఒక్కడైన ఓర్చుకొననిచో ఊరందరు ఎవరిని చూచి నేర్చుకొందురు?"

ఆ వృద్ధుని మాటలో రెండు సత్యములు కలవు. మొదటిది కఠినమైనది. మంచివాడు విడిచిన దానిని మరియొకడు తీసికొనిపోవుట లోకమున తరచు జరుగును. కనుకనే వ్యక్తుల మంచితనము చాలక, అందరిని బంధించు కట్టుబాటు అవసరమగుచున్నది. మద్రాసు రాజధానిలో ఉద్యోగిగా నుండిన హెన్రీ సలివన్ థామస్ అను నాంగ్లేయుడు 1873లో మన దేశపు గాలపు వేటను గూర్చి 'ది రాడ్ ఇన్ ఇండియా' అను గ్రంథము వ్రాసెను. 1897లో చేయబడిన భారతీయ మత్స్య చట్టము, పేలుడు పదార్థములతోగాని, విషముతోగాని నీటిలోని చేపలను చంపుటను నేరముగా ఎంచినది. మందుగుండు నీటిలో పేలినచో, ఏరుకొనుటకు చిక్కు నాలుగు చేపలకై, ఎవరికిని పనికిరాని నాలుగు వందల పిల్లలు చచ్చును. చట్టము లేనిచోట ఓర్పు గలవాడు నష్టపడును; ఓర్పు లేనివాడు లాభపడును. ఆ యన్యాయమును తొలగించుటయే కట్టుబాటు యొక్క ప్రయోజనము.

రెండవ సత్యము అంతకన్న ముఖ్యమైనది. చట్టము కాగితముపై నుండును. దానిని నిలుపవలసినది మనుష్యుల అలవాటు. ఆ యలవాటు ఒక్కనితోనే మొదలగును. హుస్సేన్‌సాగరపు తరువాతి చరిత్ర ఈ సత్యమునే చూపుచున్నది.

నగరము పెరిగినది. ఇండ్లును, పరిశ్రమలును వెలసినవి. వాననీటికై ఉన్న నాలాలలోనికి మురుగునీటిని, కర్మాగారముల వ్యర్థములను వదలిరి. ఒక్కొక్కడు వదలినది స్వల్పమే. 'నా ఒక్కని బకెట్టు నీటితో సాగరము చెడునా?' అని ప్రతివాడును అనుకొనెను. మురుగునందలి కుళ్లును కరగించు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరించును. మురుగులోని పోషక పదార్థములచే నాచు విపరీతముగా పెరుగును. పగటివేళ ఆ నాచు ప్రాణవాయువును విడుచును గాని, రాత్రివేళ తానే పీల్చుకొనును. కనుక తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. చచ్చిన చేపలు గుంపులుగా తేలి ఉదయమున కనబడుటకు ఇదియొక కారణము. సాగరమును బాగుచేయుటకై జపాను దేశపు ఋణ సహాయముతో 2006లో ఒక పెద్ద పథకమునకు ఒప్పందము జరిగినది. చెడగొట్టునప్పుడు ఎవరికిని ఖర్చు కనబడలేదు; బాగుచేయునప్పుడు విదేశము నుండి అప్పు తేవలసి వచ్చినది.

నాలాల ప్రక్కన కట్టడములు లేచి వాటిని ఇరుకు చేసినవి. నీరు పల్లమెరుగునని మన సామెత. పెద్దవాన కురిసిన దినమున అమీర్‌పేటలోని మైత్రీవనము కూడలి యొద్ద మోకాలిలోతు నీరు నిలుచును. వాహనములు ఆగిపోవును. 'నీరు రోడ్డుమీదికి వచ్చినది' అని జనులు విసుగుకొందురు. కాని రోడ్డే నీటి దారిలోనికి వచ్చినదని ఆలోచించువారు కొలదిమంది.

పంచతంత్రమునందలి మూడు చేపల కథ విద్యార్థులకు తెలిసినదే. మడుగునకు జాలరులు రానున్నారని తెలియగానే అనాగతవిధాత యను చేప ముందుగనే వేరు నీటికి పోయెను. ప్రత్యుత్పన్నమతి యను చేప ఆపద వచ్చినప్పుడు యుక్తిచే తప్పించుకొనెను. కానున్నది కాకమానదని యూరకున్న యద్భవిష్యుడు నశించెను. ఆ కథలో ఒక చేపకు పోవుటకు వేరు మడుగుండెను. నేటి నగరములకు అట్టి వేరు మడుగు లేదు. ఉన్న నీటినే కాచుకొనవలెను. కనుక ముందుచూపు గలవారి సంఖ్య పెరుగుట తప్ప వేరు మార్గము లేదు.

నిరాశపడవలసిన పనియు లేదు. ట్రౌట్, గ్రేలింగ్ చేపలను అంతగా ప్రేమించిన ఇంగ్లండులోనే, లండను నగరము గుండా పారు థేమ్సు నది కొంతకాలము మురుగుకాలువగా మారినది. ఆ నదిలోని కొంత భాగమున జీవము నశించినదని 1957లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. అటుపిమ్మట మురుగును శుద్ధిచేయు కేంద్రములను బాగుచేసిరి. 1974లో ఆ నదిలో ఒక సాల్మను చేప కనబడెను. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగము తరువాత అచ్చట సాల్మను కానవచ్చుట అదియే మొదలు. చేపను ఎవరును పిలువలేదు. నీరు బాగుపడగానే అది తానే వచ్చినది. నీటి ఆరోగ్యమును గూర్చి అంతకన్న నమ్మదగిన సాక్ష్యము లేదు.

గాలము వేయువాడు నేర్చుకొను విషయములు మూడు. నీటిని చూచుట, వేచియుండుట, పట్టదగినదానిని కూడ విడువగలుగుట. మొదటి రెండును చేపను ఇచ్చును. మూడవది చెరువును ఇచ్చును. గాలము చేతబట్టని వారికిని ఈ మూడును అవసరమే. మీ ఊరి చెరువునకు నీరు ఏ దారిన వచ్చుచున్నది, ఆ దారిలో ఏమి కలియుచున్నది, తొలకరిలో ఏ చేప ఎదురెక్కుచున్నది అని తెలిసికొనుట చదువులో భాగమే. నాలాలోనికి చెత్త విసరబోయిన చేయి ఒక్కటి ఆగినచో సాగరము బాగుపడదు. కాని బాగుపడిన ప్రతి సాగరమును అట్లు ఆగిన చేతులతోనే బాగుపడినది.